జ్యేష్ఠ పక్కన చిన్న చుక్క

విజయవాడలో ఎండాకాలం సాయంత్రాలు ఊరంతా గాలి కోసం ఎదురుచూస్తుంది. పొద్దుపోయాక సముద్రం వైపు నుంచి కృష్ణ మీదుగా ఒక చల్లగాలి వస్తుంది. అది రాగానే అన్ని డాబాల మీదా ఒకేసారి "అమ్మయ్య" అంటారు. విసనకర్రలు పక్కన పడేస్తారు. నేనొక్కదాన్నే ఆ గాలి ఇంకాసేపు రాకుండా ఉంటే బాగుండునని కూర్చునేదాన్ని. ఈ మాట మా భవానీపురంలో ఎవరితోనైనా అంటే నాకు మతి పోయిందనుకుంటారు. మీరు నా మనవలు, మీతో అనొచ్చు.

గాలి స్తంభించి, జాకెట్టు వీపుకి అంటుకుపోయి, ఆకాశం మసక మసగ్గా ఉన్నప్పుడు చుక్కలు కదలకుండా నిలబడతాయి. వాన కడిగేసిన ఆకాశం కంటికి ఎంత బాగుంటుందో టెలిస్కోపుకి అంత పనికిరాదు. చుక్క కాగే నూనెలో పడ్డ ఆవగింజలా చిటపటలాడుతూ ఉంటుంది. అలా వణికే చుక్క పక్కన ఇంకో చుక్క ఉందో లేదో ఎవరు చెప్పగలరు? జంట నక్షత్రాలు చూసేవాళ్ళకి ఉక్కపోతే మంచి రోజు. ఈ సంగతి నాకు ఏ పుస్తకమూ చెప్పలేదు. చెమటలు కక్కుతూ కూర్చుంటే తెలిసింది.

నేను చూసే ఆ టెలిస్కోపు నీదేనమ్మా, పెద్దదానా. మీ తమ్ముడు చిన్నోడికి తెలియదేమో, వాడప్పుడు మరీ పసివాడు. ఇంటర్ చదవడానికి నువ్వు ఇక్కడ నా దగ్గర ఉన్నప్పుడు మీ నాన్న కొనిచ్చాడు. నువ్వు తెల్లారకుండా కాలేజీకి వెళ్ళి, కళ్ళు మూతలు పడుతుంటే వచ్చేదానివి. దాంట్లోంచి చంద్రుణ్ణి చూశావు, శని చుట్టూ ఉంగరం చూశావు, ఆ తర్వాత పరీక్షలు వచ్చాయి. పరీక్షలయ్యాక మీ అమ్మ రైల్వే ఉద్యోగం గువాహటిలో కాబట్టి నువ్వూ అక్కడికే వెళ్ళిపోయావు. రైల్లో పట్టదని గొట్టం నాకు వదిలేశావు. "నువ్వు చూస్తూ ఉండు అమ్మమ్మా" అన్నావు. రైలెక్కేటప్పుడు ఎవరైనా అనే మాటే. నేను మాత్రం పాత చీర కప్పి గదిలో మూలన పెట్టాను.

మన డెల్టా తేమ సంగతి మీకు తెలుసుగా. రెండు వానాకాలాలకి ఆ గొట్టం కూర్చునే చెక్కపీట టీలో ముంచిన రస్కులా ఉబ్బిపోయింది. తిప్పితే తిరగదు, వంచితే వంగదు. పారేయడానికి మనసొప్పలేదు. పక్కింటావిడ పెద్దకొడుక్కి ఆటోనగర్‌లో లారీ పనుల షెడ్డు ఉందని తెలిసి, ఒకరోజు గోడ మీదుగా అడిగాను. వాళ్ళ డాబాకీ మా డాబాకీ మధ్య మోకాలెత్తు గోడే. ఆ అబ్బాయి వచ్చి కొలతలు తీసుకువెళ్ళి, లారీ చక్రంలో వేసే బేరింగు ఒకటి అడుగున పెట్టి ఇనుప పీట చేసి తెచ్చాడు. వేలితో తోస్తే నీళ్ళలా తిరిగేది. చీకటి పడ్డాక దాన్ని డాబా మీద దించి గొట్టం కూర్చోబెడుతుంటే వెనకాలే వాళ్ళమ్మ వచ్చారు.

నాకంటే నాలుగైదేళ్ళు పెద్ద. నేను ఆవిణ్ణి ఆపా అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లీ అనేవారు. అప్పటిదాకా గోడ ఇవతలి నుంచి పండగకి సేమ్యా గిన్నె అందుకోవడం, ఉగాదికి పచ్చడి గిన్నె అందించడం తప్ప మా మధ్య పెద్ద మాటల్లేవు.

"ఏంటి చెల్లీ ఇది, ఫిరంగిలా ఉంది. ఎవరిమీద?" అన్నారు.

"చుక్కల మీద ఆపా."

"అవేం చేశాయి నిన్ను?"

మాటలకి సమాధానం వెతుక్కోవడం నాకు ఆలస్యం. అందుకని పైకి చూపించాను. ఉత్తరాన సప్తర్షులు పైకెక్కి ఉన్నాయి. అదిగో వశిష్ఠుడు, పక్కన చిన్నగా అరుంధతి, మా పెళ్ళిళ్ళలో చూపిస్తారు అన్నాను.

"రెండూ కనపడుతూనే ఉన్నాయిగా. దీనికి ఫిరంగి దేనికి?"

"ఇప్పుడు ఇందులోంచి చూడండి."

ఆవిడ స్టూలు మీద కూర్చుని, కొంగు భుజం మీదకి లాక్కుని, చాలాసేపు చూశారు. తల తీసి నావైపు, మళ్ళీ గొట్టంలోకి, మళ్ళీ నావైపు చూశారు. "చెల్లీ, ఈ పెద్దాయన ఒక్కడు కాదు. ఆయనే ఇద్దరున్నాడు."

"అవునండీ. కంటికి ఒకటే. ఇందులో రెండు."

"మరి పెళ్ళిలో ఈ మూడో మనిషి సంగతి చెప్పరా?"

నాకు నవ్వాగలేదు. "మూడో మనిషి దాకా ఎందుకు ఆపా. మా ముహూర్తం పట్టపగలు. నాకు అరుంధతే కనపళ్ళేదు. పంతులుగారు వేలు చూపించిన వైపు చూసి తలూపాను."

"చూడకుండానే చూశానన్నావా?"

"అందరూ అంతే ఆపా."

ఆవిడ ముఖంలో నవ్వు పోయింది. తప్పు పట్టినట్టు కాదు, ఏదో గుర్తొచ్చినట్టు. అప్పుడు చెప్పారు వాళ్ళ నాన్నగారి సంగతి. వాళ్ళ పుట్టిల్లు బందరు. వాళ్ళ వీధిలో నెలవంక చూడటానికి ఆయన కన్నంటే నమ్మకం. రంజాన్ చివర్లో చంద్రుడు కనపడ్డాడని ఎవరైనా వస్తే, పెద్దలు ఒక్కొక్కణ్ణీ విడిగా కూర్చోబెట్టి అడిగేవారట. ఎక్కడ చూశావు, ఏ చెట్టు పైన, కొమ్ములు ఎటున్నాయి అని. ఒకరు చెప్పింది ఇంకొకరు వినకూడదు. విడివిడిగా అడిగినా మాట కలిస్తేనే మర్నాడు పండగ. ఒక ఏడాది వాళ్ళ నాన్నకంటే ముందు ఆవిడే చూశారట, డాబా మీద బట్టలు తీస్తూ. చిన్నపిల్ల. కిందికి పరిగెత్తి అమ్మకి చెబితే, "ఊరుకో, మగాళ్ళు చూస్తారులే" అన్నదట అమ్మ.

"మగాళ్ళూ చూశారు, పండగా అయింది. దానికేం లేదు" అన్నారు ఆపా. "కానీ కొమ్ములు ఎటున్నాయని నన్నెవరూ అడగలేదు చెల్లీ. నాకు తెలుసు. చెప్పడానికి సిద్ధంగా నిలబడ్డాను కూడా."

ఆ రోజు నుంచే మా పద్ధతి మొదలైంది. నేను పెట్టింది కాదు, ఆవిడే పెట్టారు. మీరు మొదట్లో ఫోన్లో నవ్వేవాళ్ళు గుర్తుందా, "ఇదేం రూలు అమ్మమ్మా" అని? పెద్దదానా, నువ్వు నాకు వాట్సాప్‌లో ఒక చుక్క పేరు, ఎక్కడుంటుందో అంతవరకే పంపాలి. రెండోది ఏ వైపు ఉంటుందో పంపకూడదు. ఒకరు చూస్తారు, లేచిపోయి నీళ్ళ ట్యాంకు దగ్గర నిలబడతారు. అప్పుడు రెండోవాళ్ళు చూస్తారు. తర్వాత ఎదురెదురుగా నిలబడి, మూడు లెక్కపెట్టి, ఇద్దరం ఒకేసారి చెప్పాలి. మాట కలిస్తే చూసినట్టు. కలవకపోతే లేదు. కలిశాక నీకు ఫోన్ చేస్తే అప్పుడు నువ్వు జవాబు చెప్పాలి.

ఏ వైపో చెప్పడం ఎలా అని మాత్రం కొన్నాళ్ళు తంటాలు పడ్డాం. గొట్టంలో అంతా తలకిందులు, నేను కుడి అంటే ఆవిడ ఎడమ అనేవారు. దారి ఆపాయే కనిపెట్టారు. గొట్టాన్ని కదపకుండా వదిలేస్తే చుక్క గాజులోంచి మెల్లగా జరిగిపోతూ ఉంటుంది. అది నడిచి వెళ్ళే మనిషి అనుకో. ఆ మనిషికి రెండో చుక్క ముందు నడుస్తోందా, వెనక నడుస్తోందా, కుడిచేతి వైపా, ఎడమచేతి వైపా? అంతే. తల ఎటు వంచి చూసినా ఆ మాట మారదు.

అలా ఎన్ని చూశామో. పునర్వసులో పై చుక్క రెండుగా విడిపోతుంది, రెండూ ఇంచుమించు కవలలు. సింహం మెడ దగ్గర ఒక పసుపు జంట ఉంది. మే నెలలో కృష్ణ అవతలి కొండల మీద, బాగా కిందికి, పెద్ద కాంతితో ఒక జంట కనపడుతుంది. అది ఏటేటా కాస్త కాస్త దూరం జరుగుతోంది. నిజంగానే జరుగుతోందా, మాకు అలవాటై అలా అనిపిస్తోందా అని వాదులాడుకున్నాం. నువ్వు నిజమేనన్నావు. ఆపా ఆ రోజంతా పొంగిపోయారు. "నా కన్ను మా నాయన కన్ను" అన్నారు.

పడమటి దిక్కున ఇబ్రహీంపట్నం థర్మల్ చిమ్నీల మీద ఎర్ర దీపాలు మిణుకుమిణుకుమంటూ ఉండేవి. కొండపల్లి వైపు పోయే రైళ్ళ చప్పుడు వినపడేది. ఫ్లాస్కులో టీ ఉండేది. నేను మాట్లాడితే దోమక్కూడా వినపడదని ఆవిడ వెక్కిరించేవారు. మీ తాతయ్య పోయిన తర్వాత సాయంత్రం అనేది ఒకటుందని, దానికోసం మధ్యాహ్నం నుంచి పనులు సర్దుకోవచ్చని నాకు మళ్ళీ తెలిసింది అప్పుడే.

జ్యేష్ఠ పేరు నువ్వు పంపింది ఒక వేసవిలో. అది నా నక్షత్రం. నేను జ్యేష్ఠలో పుట్టానని మా ఇంట్లో ఎంత దిగులో మీకు తెలియదు. ఆ నక్షత్రం పిల్ల బావగారికి అచ్చిరాదని సంబంధాలు గుమ్మందాకా వచ్చి తిరిగిపోయేవి. మీ తాతయ్య ఇంటికి పెద్దకొడుకు, ఆయనకి అన్న లేడు. అలా కుదిరింది మా పెళ్ళి. అలాంటి చుక్కకి పక్కన ఒక చిన్న చుక్క ఉంటుందని, చాలా కష్టమని, చాలామందికి కనపడదని నువ్వు రాశావు.

"నీ చుక్కేనా? అయితే చూడాల్సిందే" అన్నారు ఆపా.

జ్యేష్ఠ ఎర్రగా మండుతూ ఉంటుంది. ఆ మంటలో పక్కనున్నది కలిసిపోతుంది. ఆ వేసవంతా చూశాం, కనపళ్ళేదు. మరుసటి వేసవీ కనపళ్ళేదు. ఈలోగా ఆపాకి షుగరు కంటికి వచ్చింది. కుడికంట్లో అప్పటికే పొర పొరగా ఉందనేవారు. ఎడమకన్ను బాగానే ఉంది, అయితే అదీ ఎక్కువకాలం ఉండకపోవచ్చని డాక్టరు చెప్పారు. ఇంట్లో మెట్లెక్కొద్దని గోల. ఆవిడ ఎక్కేవారు.

ఆ తర్వాతి వేసవిలో వాళ్ళ ఇల్లు అమ్ముడుపోయింది. అన్నదమ్ములు వాటాలు వేసుకోవాలి కదా. పెద్దబ్బాయి ఆటోనగర్ దగ్గర ఫ్లాటు తీసుకున్నాడు. చిన్నబ్బాయికి బందరులో బట్టల కొట్టు ఉంది, ఆపా అక్కడికి వెళ్ళాలని తేలింది. మృగశిర కార్తె వచ్చినా వాన చినుకు లేదు. సామాను సగం వెళ్ళిపోయింది. ఒక సాయంత్రం విపరీతమైన ఉక్క. ఆకు కదలడం లేదు. జ్యేష్ఠ ఎప్పుడూ అంత నిలకడగా ఉండగా నేను చూడలేదు. బొట్టు పెట్టినట్టుంది.

"ముందు మీరు కూర్చోండి ఆపా" అన్నాను. నేను ట్యాంకు దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను.

ఆవిడ ఎడమకంటితో చూశారు. ఎంతసేపు చూశారో! నేను అటు తిరిగి నిలబడి ట్యాంకులో నీళ్ళు పడే చప్పుడు వింటున్నాను. తర్వాత మెల్లగా అన్నారు: "చెల్లీ. చూశాను."

ఇంకేమీ అనలేదు. అనకూడదు. నేను వచ్చి స్టూలు మీద కూర్చుని కన్ను పెట్టాను. సరిగ్గా అప్పుడే, చుట్టుపక్కల డాబాలన్నింటి మీదా "అమ్మయ్య" వినిపించింది. గాలి వచ్చింది. జ్యేష్ఠ ఒక్కసారిగా ఉడికిపోవడం మొదలుపెట్టింది. ఎర్రటి ముద్ద, నాలుగువైపులా నిప్పురవ్వలు. గాలి తగ్గుతుందేమోనని చూశాను. తగ్గలేదు. ఊరంతా హాయిగా కబుర్లు చెప్పుకుంటోంది.

"కనపడిందా?"

"లేదు ఆపా."

ఆవిడ గోడమీద కూర్చున్నారు. "నేను చూశాను. ఒట్టు."

"నాకు తెలుసు."

"నీకు తెలిస్తే సరిపోదు. నువ్వూ చూడాలి." కొంగుతో మెడ తుడుచుకుంటూ, "ఎటుందో నా దగ్గర ఉంచుతాను. నువ్వు చూసిన రోజు ఫోన్ చెయ్యి. అప్పుడు నన్ను అడుగు" అన్నారు.

నన్ను అడుగు అన్న మాట ఆవిడ ఎలా అన్నారో మీకు రాసి చూపించలేను. బందరు డాబా మీద బట్టలు పట్టుకుని నిలబడ్డ చిన్నపిల్ల గొంతు అది.

రెండు రోజులకి వెళ్ళిపోయారు. వాళ్ళ ఇల్లు కొన్నవాళ్ళు డాబా మీద రేకుల షెడ్డు వేసి సామాన్లు పెట్టుకున్నారు. గోడ పక్కన మనుషుల అలికిడే లేదు. ప్రతి శుక్రవారం ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. మందులు, మనవలు, బందరు ఎండ, విజయవాడ ఎండ. చివర్లో ప్రతిసారీ, "కనపడిందా?" అనేవారు. "ఇంకా లేదు ఆపా" అనేదాన్ని. ఒకసారి నేనే, "చెప్పెయ్యండి ఆపా, ఎందుకీ బరువు" అన్నాను. "పిచ్చిదానివా? చెబితే నీకు అక్కడే కనపడుతుంది. ఉన్నా కనపడుతుంది, లేకపోయినా కనపడుతుంది" అన్నారు.

ఒకసారి బందరు బస్సెక్కి చూసొచ్చాను. నేను గుమ్మంలో నిలబడితే, "ఎవరూ?" అన్నారు. గొంతు విన్నాక లేచారు. ఎడమకన్ను కూడా అప్పటికి చాలావరకు పోయింది. నా చెయ్యి పట్టుకుని కూర్చుని, ఆ పూటంతా అన్ని కబుర్లూ చెప్పారు. చుక్క సంగతి ఇద్దరం ఎత్తలేదు. కానీ నాకు అర్థమైంది. ఆవిడ ఇంక మళ్ళీ చూడలేరు. ఆ సాయంత్రం చూసిందే ఆవిడ మాట. దానికి రెండో మాట నేనివ్వకపోతే, ఈసారి కూడా ఆవిణ్ణి ఎవరూ అడగనట్టే.

ఒంటరిగా చూడటం వేరు. చెప్పడానికి ఎవరూ లేనప్పుడు కన్ను బద్ధకిస్తుంది. ఉన్నట్టే అనిపిస్తుంది, సరేలే అనిపిస్తుంది. ట్యాంకు దగ్గర ఒక మనిషి అటు తిరిగి నిలబడి ఎదురుచూస్తుంటే అలా సరేలే అనుకోలేము. ఒక వేసవి మబ్బుల్లో పోయింది. తర్వాతి దాంట్లో నాకు మోకాలు. కొన్ని సాయంత్రాలు గొట్టం పైకి తెచ్చి, చీర తియ్యకుండానే కూర్చుని, కిందికి తెచ్చేశాను. మీకు ఫోన్లో "చూశాను, బాగుంది" అన్నాను.

ఈ ఏడాది కూడా మొదట అంతే. తర్వాత వానలు మొదలై, మధ్యలో ఒక వారం ఎక్కడివక్కడ ఆగిపోయాయి. ఆ వారంలో ఒక సాయంత్రం తడి గుడ్డ కప్పినట్టు ఉక్క. కరెంటు కూడా పోయింది. వీధిలో జనం తిట్టుకుంటున్నారు. నేను చీర తీశాను. జ్యేష్ఠ నిండుగా, నిశ్చలంగా ఉంది. చూస్తున్నాను. ఏమీ లేదు. ఏమీ లేదు. కన్ను మూసి తెరిచాను. ఎర్రటి వెలుగు అంచుకి తగులుతూ, పెసరగింజలో సగం ఉంటుందేమో, ఒక చుక్క. ఉంది. పోయింది. మళ్ళీ అక్కడే ఉంది. గొట్టాన్ని వదిలేసి జ్యేష్ఠని నడవనిచ్చాను. అది గాజు దాటిపోయేదాకా ఆ చిన్నది దానితోనే నడిచింది. మళ్ళీ వెనక్కి తెచ్చాను. మళ్ళీ నడిచింది. ఏ వైపో ఇంక నాకు అనుమానం లేదు.

వెనక్కి తిరిగి, "ఆపా" అన్నాను. పైకే అన్నాను. రేకుల షెడ్డు, ట్యాంకు, చీకటి. అప్పుడు ఫోన్ తీసుకున్నాను.

బందరులో ఆపా చిన్నకోడలు ఎత్తి, ఆవిడ చెవి దగ్గర పెట్టింది.

"ఆపా, చూశాను."

అవతల టీవీ చప్పుడు. "టీవీ ఆపండ్రా" అని ఆవిడ గట్టిగా అనడం వినపడింది. తర్వాత ఊపిరి. "నిజంగా?"

"నిజంగా. ఇప్పుడు మిమ్మల్ని అడుగుతున్నాను. రెండోది ఎటుంది ఆపా?"

"ఆగు. రూలు ప్రకారం. నువ్వు లెక్కపెట్టు."

లెక్కపెట్టాను. మూడు అనగానే ఇద్దరం ఒకేసారి చెప్పాం. ఫోన్లో మాటలు ఒకదానిమీద ఒకటి పడ్డాయి.

"ఏమన్నావు?" అన్నారు.

మళ్ళీ చెప్పాను.

"నేనన్నది విన్నావా?"

"విన్నాను ఆపా."

"రెండూ ఒకటి కాదు."

"కాదు."

నా చేతిలో ఫోను జారుతోంది, చెమట. ఏదో ఒకటి అనాలి. "నేనే పొరపాటు పడ్డానేమో ఆపా. మళ్ళీ చూస్తాను. బహుశా మీరన్నట్టే—"

"ఊరుకో!" అన్నారు. అంత గట్టిగా ఆవిడ నన్నెప్పుడూ అనలేదు. "నాకోసం నీ మాట మార్చుకుంటావా? మార్చుకున్న సాక్ష్యం దేనికి పనికొస్తుంది? మా నాయన ఉంటే నిన్ను సాక్ష్యం చెప్పనివ్వకుండా మెట్ల మీదే ఆపేసేవాడు."

తర్వాత ఆవిడే, కాస్త తగ్గి, "రంగు ఎలా ఉంది?" అన్నారు.

"మీరే ముందు చెప్పండి."

"పచ్చగా. పెసర రంగు."

"నాకూ అంతే ఆపా. అదే రంగు. ఇద్దరం చూశాం. చూడండి, కలిసింది."

"రంగు కలిస్తే కలిసినట్టు కాదు చెల్లీ. కొమ్ములు ఎటున్నాయో చెప్పాలి." ఆవిడ నవ్వారు, చిన్నగా. "నేను చూసింది చెప్పాను. నువ్వు చూసింది చెప్పావు. ఇద్దరిలో ఎవరమూ అబద్ధం ఆడలేదు. అది చాలదా ఏంటి?"

"మరి ఇప్పుడేం చేద్దాం?"

"ఏముంది? నెలవంక కనపళ్ళేదని పండగ మానేస్తారా? ఇంకో రోజు ఉపవాసం ఉంటారు."

కోడలు మందులు అంటోంది. ఆవిడ "ఆఁ" అని, నాతో, "నువ్వు అడిగావు చూడు, బాగుంది" అని పెట్టేశారు. కిందికి దిగేటప్పుడు గొట్టం చాలా బరువుగా ఉంది. మెట్ల మధ్యలో ఆగి కాసేపు కూర్చున్నాను. కరెంటు వచ్చి, వీధిలో అందరూ కేకలు వేశారు.

ఆ ఆదివారం నువ్వు ఫోన్ చేశావు. ఎలా తెలిసిందో, నేనే మీ అమ్మతో అన్నానేమో. "అమ్మమ్మా, ఇద్దరూ చెప్పుకున్నారటగా! జవాబు పంపించెయ్యనా?"

వద్దన్నాను.

"కలవలేదని విన్నాను. ఎవరు కరెక్టో తెలుసుకోవాలని లేదా నీకు?"

ఉందమ్మా. పడుకుంటే ఉంది, లేస్తే ఉంది. కానీ నాది తప్పయితే నేను సంతోషంగా ఆవిడకి ఫోన్ చేస్తాను, పుస్తకంలో జవాబు సాక్ష్యం కాదు పొమ్మంటారు ఆవిడ. నాది ఒప్పయితే, ఆవిడ కన్ను ఆఖరిసారి చూసింది సరికాదని ఈ ఊళ్ళో నాకొక్కదానికే తెలిసి ఉంటుంది. అది పట్టుకుని ప్రతి శుక్రవారం ఆవిడతో మందుల సంగతీ ఎండ సంగతీ మాట్లాడాలి. మెల్లగా మాట్లాడేదాన్నే గానీ, దాచిపెట్టి మాట్లాడటం నాకు చేతకాదు.

అందుకే ఆ రోజు ఆవిడ ఏమన్నారో, నేను ఏమన్నానో మీకు చెప్పలేదు. ఇక్కడా రాయలేదు చూడండి. రాస్తే మీరు వెంటనే సరిచూసుకుంటారు. ఆ తర్వాత మీరెంత దాచినా మీ గొంతు పట్టిస్తుంది. టెలిఫోన్ ఎక్స్చేంజిలో ఉద్యోగం చేసి రిటైరైనదాన్ని, బతుకంతా గొంతులు విన్నాను.

"మరి ఎప్పుడు పంపమంటావు?" అన్నావు.

"ఆవిడ అడిగిన రోజు."

"ఆవిడ అడగరు అమ్మమ్మా. నీకు తెలుసుగా."

"తెలుసు."

ఫోన్లో మీ గువాహటి వాన వినపడుతోంది, చాలా పెద్దగా. వెనకాల చిన్నోడు ఎవరితోనో పోట్లాడుతున్నాడు. అన్నం తిన్నావా అని అడిగాను.